ఏ వయసుకు ఏ ఆట?

సాయంత్రం బడి వదిలిన తరువాత మా క్యాజువాలిటీకి చేతులు, మోకాళ్ళు పట్టుకొని పిల్లలు వస్తుంటారు. వెంట తల్లి, ఒక్కోసారి బడి టీచరు కూడా వస్తారు. గాయం కడిగి కట్టు కట్టేలోపే తల్లి నోటి నుండి వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “ఇంక ఆటలు బంద్. బడి అవగానే ఇంటికొచ్చి కూర్చో.” కొన్ని బడుల్లోనైతే ఒక పిల్లవాడి చెయ్యి విరిగితే మిగతా పిల్లలందరికీ ఆటల పీరియడు పోతుంది.

మేము మాత్రం ఆ పిల్లవాడిని రెండు ప్రశ్నలు అడుగుతాము. “ఏం ఆట ఆడావు నాన్నా?”, “ఎవరితో ఆడావు?” రెండో తరగతి పిల్లవాడు “ఐదో తరగతి అన్నయ్యలతో కబడ్డీ” అంటే విషయం అక్కడే అర్థమవుతుంది. తప్పు కబడ్డీది కాదు, పిల్లవాడిది కూడా కాదు. ఆరేళ్ళ ఒంటిని పదేళ్ళ ఆటలో పెట్టడం వల్ల వచ్చిన దెబ్బ అది. కాబట్టి మాన్పించవలసింది ఆటను కాదు, మార్చవలసింది ఆటను. ఒకటి నుండి ఐదవ తరగతి వరకు ఏ వయసుకు ఏ ఆట తగినదో, ఒకే మైదానంలో అందరినీ ఎలా ఆడించాలో తల్లిదండ్రులకు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు ఉపయోగపడేలా ఈ వ్యాసంలో చెబుతాను.

ఆట మాన్పిస్తే ఏమవుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుండి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వంచి, ఊపిరి వేగంగా ఆడేలా ఆడాలి. వారంలో కనీసం మూడు రోజులు ఎముకలను, కండరాలను గట్టిపరిచే పనులు అందులో ఉండాలి. ఎముకలను గట్టిపరచడమంటే ఏదో వ్యాయామశాలకు పంపడం కాదు. పరుగెత్తడం, గెంతడం, కుంటడం, తాడాట ఆడటం, ఇవే చాలు. నేలకు పాదం తగిలిన ప్రతిసారీ ఎముకకు బలం వస్తుంది.

విద్యాహక్కు చట్టం (2009) కూడా ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని, తరగతులకు కావలసిన ఆట వస్తువులు ఇవ్వాలని చెబుతోంది. అంటే ఆట అనేది చదువు మధ్యలో దొరికే విరామం మాత్రమే కాదు, చదువులో భాగం. బడిలో ఆట లేని పిల్లవాడు ఇంటికి వెళ్ళి ట్యూషన్‌కో టీవీకో సెల్‌ఫోన్‌కో అతుక్కుపోతే ఆ 60 నిమిషాలు ఎక్కడి నుండి వస్తాయి?

చిన్నపిల్లల ఒళ్ళు వేరు

ఆట ఎంచుకునే ముందు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది ఎముకలు. పిల్లల ఎముకల చివర పెరిగే భాగం మెత్తగా ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే ఎముక ఎదుగుదల దెబ్బతినవచ్చు. పిల్లలు పడేటప్పుడు చెయ్యి చాచి నేలమీద ఆనిస్తారు. అందుకే మణికట్టు, ముంజేయి, మోచేతి దగ్గర విరుగుళ్ళు ఎక్కువ. ముఖ్యంగా ఐదు నుండి ఏడేళ్ళ పిల్లల్లో మోచేతికి పైన విరగడం మామూలుగా కనిపిస్తుంది.

రెండవది చూపు, అంచనా. ఆరేళ్ళ పిల్లవాడికి కళ్ళు బాగానే కనిపిస్తాయి. కానీ తన వైపు వచ్చే బంతి ఎంత వేగంగా వస్తోంది, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలి అనే అంచనా అప్పటికి పూర్తిగా రాదు. అది ఆడగా ఆడగా, పదేళ్ళు దాటుతూ కుదురుతుంది. ఎదురుగా వచ్చే మోటారు సైకిలు విషయంలోనూ అంతే. రోడ్డు పక్కన బంతాట వద్దనేది ఇందుకే.

మూడవది వేడి. పిల్లలకు ఎండలో ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. ఆటలో పడితే దాహం వేసినా చెప్పరు.

నాలుగవది మనసు. ఆరేడేళ్ళ పిల్లలకు ఓటమి పెద్ద దుఃఖం. ఒకటి రెండు నియమాలు గుర్తుంటాయి గాని పది నియమాలు ఉండవు. తమ వంతు వచ్చేవరకు పావుగంట వరుసలో నిలబడమంటే తోసుకుంటారు. అది అల్లరి కాదు, వయసు.

ఒకటి, రెండు తరగతులు (6–7 ఏళ్ళు)

ఈ వయసుకు తగినవి పరుగు ఉండి, ఒకరి మీద ఒకరు పడటం లేని ఆటలు. నేల–బండ, నాలుగు స్తంభాలాట, దాగుడుమూతలు, వీరి వీరి గుమ్మడిపండు, చెమ్మచెక్క చాలా మంచివి. నియమం ఒక్కటే ఉంటుంది, అందరూ ఒకేసారి కదులుతారు. నేల–బండకు ఎత్తైన అరుగులు వద్దు. పిల్లల మోకాలి ఎత్తు దాటని మెట్టు, గట్టు చాలు.

ఒప్పులకుప్ప ఆడేటప్పుడు గోడకు, గచ్చుకు దూరంగా మట్టినేల మీద ఆడించాలి. తిరుగుతూ చేతులు విడిపోతే వెల్లకిలా పడి తల వెనుక దెబ్బ తగిలే అవకాశం ఉంది. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే బరువు ఉండేలా చూడాలి.

బంతి ఇస్తే మెత్తగా, పెద్దగా ఉన్నది ఇవ్వండి. పెద్ద బంతిని రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టడం ఆరేళ్ళకు వస్తుంది. చిన్న బంతిని అరచేతుల్లో పట్టడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది.

ఓడినవాళ్ళు బయటకు పోయే ఆటలు ఈ వయసుకు వద్దు. ఎవరికి ఆట ఎక్కువ అవసరమో, అంటే మెల్లగా పరుగెత్తే పిల్లలకు, వాళ్ళే ముందుగా అవుటై గోడ పక్కన కూర్చుంటారు. అవుటైన పిల్లవాడు బయటకు వెళ్ళకుండా దొంగతో కలిసి పట్టుకునేలా మార్చండి. చివరి వరకు అందరూ ఆటలోనే ఉంటారు.

మూడవ తరగతి (8 ఏళ్ళు)

ఈ వయసుకు ఒంటికాలి మీద నిలకడ వస్తుంది. తొక్కుడుబిళ్ళ, కుంటాట, తాడాట ఇప్పుడు బాగా ఆడగలరు. తొక్కుడుబిళ్ళకు పగిలిన పెంకు కాకుండా అంచులు నున్నగా ఉన్న చదునైన రాయి వాడమనండి. ఈ ఆటలు ఆడపిల్లలవని మగపిల్లలు ఆడరు. అది సరికాదు. నిలకడకు, కాలి ఎముకలకు ఇంతకు మించిన వ్యాయామం లేదు.

ఏడుపెంకులాట కూడా మొదలుపెట్టవచ్చు. అయితే బంతి మెత్తటిదై ఉండాలి, నడుము కింద మాత్రమే కొట్టాలి. ముఖానికి కొడితే కొట్టినవాడే అవుట్ అనే నియమం ముందే చెప్పండి. నియమం పెట్టిన రోజు నుండి ముఖానికి వచ్చే బంతులు తగ్గుతాయి.

నాలుగు, ఐదు తరగతులు (9–10 ఏళ్ళు)

ఇప్పుడు జట్టు ఆటలకు సమయం వచ్చింది. ఖోఖో, కబడ్డీ, మెత్తటి బంతితో క్రికెట్, అన్నీ ఆడవచ్చు. కానీ కొద్ది మార్పులతో.

ఖోఖోలో ఎనిమిది మంది కూర్చుంటే ఒక్కరే తరుముతారు. జట్టులో తొమ్మిది మందికి బదులు ఐదుగురిని పెట్టి, రెండు చిన్న ఆటలు నడపండి. అందరికీ పరుగు దొరుకుతుంది. స్తంభాల బదులు నేలమీద గుండ్రంగా గీత గీస్తే చాలు. పరుగులో స్తంభానికి గుద్దుకునే ప్రమాదం పోతుంది.

కబడ్డీ మొదట తాకుడు ఆటగా నేర్పండి. కూతకు వెళ్ళినవారిని పట్టుకొని పడవేయడం ఉండదు. తాకితే అవుట్, అంతే. ఊపిరి బిగబట్టడం, అడుగు వేయడం, తప్పించుకోవడం అన్నీ ఇందులోనే వస్తాయి. పట్టు నేర్పే రోజు వచ్చినప్పుడు దున్ని మెత్తగా చేసిన మట్టి మీద, పెద్దవారు పక్కన ఉండగా నేర్పాలి. పోటీ కబడ్డీలో జూనియర్లకు వయసుతో పాటు బరువు పరిమితి కూడా ఉంటుంది. మన బడిలో కూడా తరగతిని బట్టి కాకుండా ఒడ్డు పొడుగును బట్టి జతలు కట్టాలి. పదేళ్ళకు కొందరు ఆడపిల్లలు ఒక్కసారిగా ఎదుగుతారు, కొందరు పిల్లలు ఇంకా చిన్నగానే ఉంటారు. ఒకే తరగతిలో ఇద్దరి మధ్య పది కిలోల తేడా ఉండవచ్చు.

గోటీబిళ్ళ, తెలంగాణలో చిర్రగోనె అంటారు, ఎంతో సరదా అయిన ఆటే. కానీ రెండు వైపులా చెక్కిన ఆ బిళ్ళ కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదం ఉంది. నలుగురు తిరిగే బడి ఆవరణలో ఇది వద్దు. సెలవుల్లో ఖాళీ పొలంలో ఆడినా, కొట్టేవారి ముందు పిల్లలు గుంపుగా నిలబడకుండా చూడాలి. విల్లంబులకు కూడా ఇదే మాట. క్రికెట్‌కు కార్కు బంతి ఈ వయసులో అసలు వద్దు.

ఒకే మైదానం, ఐదు తరగతులు

“మా బడిలో ఇద్దరమే టీచర్లము. అందరినీ ఒకేసారి వదులుతాము. వయసుల వారీగా ఎలా ఆడించాలి?” అని ఒక ఉపాధ్యాయురాలు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న.

దీనికి మన పెద్దలు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు. అదే ఆటలో అరటిపండు. చిన్న చెల్లెలు ఏడుస్తూ వెంటపడితే ఆమెను ఆటలో చేర్చుకొనేవారు. ఆమె పరుగెత్తుతుంది, తాకుతుంది, నవ్వుతుంది. కానీ ఆమె అవుట్ లెక్కలోకి రాదు, ఆమెను ఎవరూ గట్టిగా పట్టరు. ఇప్పుడు ఈ మాటను లెక్కలోకి రానివాడని ఎగతాళిగా వాడుతున్నాము గాని, నిజానికి అది చిన్నవారిని కాపాడే నియమం. బయటకు తోయలేదు, పెద్ద దెబ్బలకు అప్పగించలేదు. పెద్ద పిల్లలకు ఈ నియమాన్ని గౌరవంగా చెప్పండి. “చిన్నవాళ్ళను తాకవచ్చు, పట్టుకోకూడదు, తోయకూడదు” అంటే వాళ్ళకు బాగా అర్థమవుతుంది.

రెండవ పని, మైదానాన్ని గీతలతో మూడు భాగాలు చేయడం. నీడ ఉన్న వైపు, టీచరుకు దగ్గరగా చిన్నవారికి. మధ్యలో తొక్కుడుబిళ్ళ, తాడాట. దూరపు చివర పెద్దవారి పరుగు ఆటలు. గీతలకు సున్నం వాడకండి. అది కంట్లో పడితే కన్ను కాలుతుంది. ముగ్గుపిండి చాలు.

మూడవది, ఐదవ తరగతి పిల్లల్లో ఇద్దరిని రోజుకు ఒకసారి చిన్నవారి ఆటకు పెద్దలుగా పెట్టడం. పంటలు వేయించడం, దొంగను ఎంచడం వాళ్ళే చేస్తారు. అయితే బాధ్యత టీచరుదే. పిల్లల మీద వదిలేసి స్టాఫ్ రూములో కూర్చోకూడదు.

ఆటకు ముందు ఐదు నిమిషాలు

మైదానం ఒకసారి చుట్టి రండి. గాజు పెంకులు, తుమ్మముళ్ళు, ఇనుప చువ్వలు, మూత లేని గుంట, కరెంటు స్తంభం స్టే వైరు, ఇవి చూడాలి. ఊగే ఉయ్యాల, జారుడుబల్ల, వేలాడే కమ్మీలు ఉంటే కింద గచ్చు ఉండకూడదు. వదులుగా పోసిన ఇసుక కనీసం తొమ్మిది అంగుళాల మందాన ఉండాలి. అదైనా నాలుగడుగుల ఎత్తు నుండి పడితేనే కాపాడుతుంది. ఇసుక పక్కకు పోయినప్పుడల్లా మళ్ళీ సర్దాలి. ఇనుప జారుడుబల్లను ఎండాకాలంలో ముందు మీ అరచేతితో తాకి చూడండి.

పిల్లల మెడలోని ఐడీ కార్డు తాడు, చున్నీ తీయించండి. జారుడుబల్లకు, కమ్మీకి తగులుకుంటే మెడకు ఉరి పడుతుంది. గాజు గాజులు పగిలి గుచ్చుకుంటాయి. వదులుగా ఉన్న హవాయి చెప్పులతో పరుగు వద్దు. శుభ్రమైన మెత్తటి నేల అయితే వట్టి కాళ్ళు మంచివి.

మధ్యాహ్న భోజనం తిన్న వెంటనే పరుగు ఆటలు వద్దు, అరగంట ఆగాలి. ఒంటిపూట బడుల రోజుల్లో ఉదయం పదిలోపే బయటి ఆట ముగించండి. ఆ తరువాత చెట్టు కింద అచ్చనగాయలు, వామనగుంటలు, పులి–మేక, అష్టాచెమ్మా ఆడించవచ్చు. చేతి వేళ్ళకు, లెక్కకు మంచి పని. ఒక్క జాగ్రత్త: చింతపిక్కలు, గోళీలు అంగన్‌వాడీ పిల్లల చేతికి అందనివ్వకండి. ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు, మింగుతారు, ఊపిరి అడ్డుపడవచ్చు.

పావుగంటకోసారి అందరినీ నీళ్ళు తాగమనండి, “దాహం వేస్తే తాగు” అనకండి. ఎండలో ఆడి తల తిరుగుతుంది, వాంతి వస్తోంది అంటే నీడకు తెచ్చి, తడి గుడ్డతో ఒళ్ళు తుడిచి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, స్పృహ తప్పినా నోట ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ విసరాలి.

దెబ్బ తగిలితే

చెయ్యి వాచినా, వంకరగా కనిపించినా మర్దన చేయకండి, లాగకండి. స్కేలుగానీ అట్టగానీ ఆనించి, కదలకుండా మెత్తగా కట్టి, తువ్వాలుతో మెడకు వేలాడదీసి ఆసుపత్రికి తీసుకురండి. బిగువుగా నాటుకట్టు కడితే రక్తం ఆడక వేళ్ళు పాడయ్యే ప్రమాదం ఉంది. వేళ్ళు చల్లబడినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా ఒక్క నిమిషం ఆలస్యం చేయవద్దు. డాక్టరు చూసేవరకు తినడానికి ఏమీ పెట్టకండి, మత్తు ఇవ్వవలసి రావచ్చు.

ముక్కు నుండి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి. కొద్దిగా ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి.

శాశ్వత దంతం ఊడితే వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకొని పాలలో వేసి, అరగంటలో దంత వైద్యుని దగ్గరకు చేరండి. తిరిగి అతికే అవకాశం ఉంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

కంటికి ఏదైనా గుచ్చుకుంటే నలపవద్దు, కడగవద్దు, పీకవద్దు. కన్ను నొక్కకుండా పైన కాగితం గ్లాసు బోర్లించి కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.

తలకు దెబ్బ తగిలిన తరువాత వాంతులు, మగత, ఫిట్స్, ముక్కు చెవుల నుండి నీరు లేక రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

గీరుకుపోతే పారే నీళ్ళతో, సబ్బుతో కడగండి. కాఫీ పొడి, మట్టి, సున్నం పెట్టకండి. ఐదారేళ్ళకు వేయవలసిన డీపీటీ బూస్టరు, పదేళ్ళకు వేయవలసిన టీడీ టీకా వేయించారో లేదో కార్డు చూసుకోండి.

ఆట చెప్పే సంగతులు

స్టెతస్కోపుకు దొరకని కొన్ని సంగతులు మైదానంలో కనిపిస్తాయి. తోటివారు పరుగెత్తుతుంటే ఒక పిల్లవాడు మాటిమాటికీ గొంతుక్కూర్చుంటున్నాడా? పెదవులు నీలంగా మారుతున్నాయా? గుండె పరీక్ష చేయించాలి. ఆడిన తరువాత దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయా? ఆస్తమా కావచ్చు. మందు సరిగా వాడితే ఆ పిల్లవాడు కూడా పరుగెత్తగలడు. బంతి దగ్గరకు వచ్చాకగాని చూడటం లేదా? కంటి పరీక్ష అవసరం. పాలిపోయి త్వరగా అలిసిపోతున్నాడా? రక్తహీనత, నులిపురుగులు చూడాలి. 2013 నుండి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి ఈ పిల్లల పేర్లు టీచర్లే ముందుగా చెప్పవచ్చు.

కాలి వైకల్యం, వినికిడి లోపం ఉన్న పిల్లలను స్కోరు రాయడానికి కూర్చోబెట్టడం మామూలైపోయింది. అది ఆట కాదు. చేతులతో ఆడే బంతాట, అందరూ కూర్చొని ఆడే బంతాట, ఈలకు బదులు జెండా ఊపి మొదలుపెట్టే పరుగు, ఇలా ఒక్క మార్పు చేస్తే వాళ్ళూ చెమటలు పట్టేదాకా ఆడతారు.

చివరిగా తల్లులకు ఒక మాట. ఈసారి మీ అబ్బాయి మోకాలు గీరుకొని ఇంటికి వస్తే గాయం కడిగిన తరువాత “ఆడొద్దు” అనకండి. ఏ ఆట, ఎవరితో, ఎక్కడ అని అడగండి. జవాబులో వయసుకు మించినది ఏదైనా ఉంటే మరునాడు బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడండి. ఆ సాయంత్రం మాత్రం పిల్లవాడిని ఆడుకోనివ్వండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్